గుడ్డ తిరగేసి చూడు

నరసాపురం,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి బాబుకి మామ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నా మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. లండన్‌లో ఉండే ఆరు నెలలూ శనివారాలు మ్యూజియాలకి పోయి, పాతకాలం బట్టల మీద కుట్టిన పువ్వుల్ని చూసి బొమ్మలు వేసుకుంటావట. తిరిగొచ్చాక ఉద్యోగం మానేసి మగ్గం వర్క్ డిజైన్లు చేస్తావట. చెప్పేటప్పుడు పాపం దాని గొంతు బొంగురు పోయింది. వెనకాల మీ నాన్న కేకలు వినపడుతూనే ఉన్నాయి, బీటెక్ చదివించింది పువ్వులు కుట్టుకోడానికా అని. నేను ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చుని కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. ఆ తర్వాత భయం పట్టుకుంది. రాత్రి నిద్ర లేదు.

ఫోన్లో చెబితే "సరే మామ్మా, సరే మామ్మా" అంటావు, సగం గాలికి పోతుంది. అందుకని కాగితం మీద రాసి, పక్కింటి అమ్మాయి చేత ఫొటోలు తీయించి నీకు పంపిస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

ముందు మీ నాన్న సంగతి తేల్చేస్తాను. వాడి కాలేజీ ఫీజులో సగం నేను లేసు అల్లిన డబ్బే. అప్పుడు పువ్వులు వాడికి తప్పనిపించలేదు. పైగా పువ్వులు ఆడవాళ్ళవే అని వాడికి ఎవరు చెప్పారు? నువ్వు చూడబోయే ఆ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే మొగలాయి దొరల వేట కోటు ఒకటి ఉంది. 1620, 1630 ప్రాంతాల్లో కుట్టింది. తెల్ల శాటిన్ మీద పట్టుదారంతో, సన్నని గొలుసుకుట్టులో పువ్వులు, చెట్లు, జంతువులు, పక్షులు. వేసుకున్నది మగాడు, అదీ వేటకి! జహంగీరు కాలపు పని అంటారు. ఆ జహంగీరే 1620లో కాశ్మీరు వెళ్ళి, అక్కడి పువ్వులు చూసి మతిపోయి, మన్సూర్ అనే చిత్రకారుడి చేత వందకు పైగా పువ్వుల బొమ్మలు వేయించుకున్నాడు. ఇది మీ నాన్నకి చదివి వినిపించు. ఇంగ్లండు, ఫ్రాన్సు దొరలైతే పద్దెనిమిదో శతాబ్దం పొడుగునా కోటు కింద వేసుకునే వెయిస్ట్‌కోటు మీద, బొత్తాల మీద, జేబు మూతల మీద కూడా పువ్వులు కుట్టించుకున్నారు. అంతెందుకు, మన భీమవరంలో మగ్గం చట్రం ముందు కూర్చున్న వాళ్ళని ఒకసారి వెళ్ళి చూడమను, మగపిల్లలు ఎంతమంది ఉంటారో.

ఆ వెయిస్ట్‌కోటు గురించి ఒక ముచ్చట చెప్పాలి, నీ పనికి దగ్గరగా ఉంటుంది. ముందు కోటు కుట్టేసి తర్వాత దాని మీద పువ్వులు వేసేవారు కాదు. కత్తిరించని పట్టుగుడ్డ మీద మెడ ఎక్కడ, అంచు ఎక్కడ, జేబు ఎక్కడ అని గీసుకుని, పని మొత్తం కుట్టేశాకే దర్జీ కత్తెర పెట్టేవాడు. బొత్తాల మీద తొడిగే గుండ్రాలు కూడా ఆ గుడ్డ మీదే ఓ మూల కుట్టి ఉంచేవారు. కత్తిరించకుండా మిగిలిపోయిన అలాంటి ముక్కలు మ్యూజియాల్లో ఇప్పటికీ ఉన్నాయి. మన పెళ్ళికూతురి బ్లౌజు పని ఇప్పుడు జరిగేది అచ్చం అలాగే కదా! ఇంకో తమాషా. పైన కోటు ఉంటుంది కాబట్టి వీపు ఎవరికీ కనపడదు. అందుకని ఆ వెయిస్ట్‌కోటుకి వెనకవైపు చవక రకం ఉత్త గుడ్డ వేసేవారు. దొరల దగ్గరా మన దగ్గరా గొప్పంతా ముందువైపే!

ఇక చిన్న చిన్న మాటలు. తిని వెళ్ళు. మెత్తటి చెప్పులు వేసుకో. పెన్ను కాదు, పెన్సిలు పట్టుకెళ్ళు. ఫ్లాష్ కొట్టకు. చూడాలనుకున్న వస్తువు అసలు బయట పెట్టారో లేదో బయల్దేరే ముందు కనుక్కో. బట్టల్ని ఏళ్ళ తరబడి వెలుగులో ఉంచరు, తీసి దాచేస్తుంటారు. 2025లో తెరిచిన ఆ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వాళ్ళ కొత్త గిడ్డంగిలో ముందుగా రాసి అడిగితే వస్తువు బయటికి తీసి దగ్గర నుంచి చూపిస్తారని నువ్వే మీ అమ్మతో అన్నావట. నా భయమంతా అక్కడే మొదలైంది. ఎందుకో కిందికి వచ్చాక తెలుస్తుంది.

గది మసకగా ఉందని విసుక్కోకు. పట్టుదారానికి వెలుగు విషం. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఓ అయిదు నిమిషాలు ఊరికే నిలబడు. సినిమా హాల్లోకి ఆలస్యంగా వెళ్తే సీటు కనపడే దాకా నిలబడవూ, అలాగ.

ఒక్క రోజులో ఒక్కటే బట్ట చూడు. మహా అయితే రెండు. నేనొకసారి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాను, మీ తాతయ్య వాళ్ళ స్కూలు పిల్లల బస్సులో. గంట కొట్టే బొమ్మ గడియారం చూడాలని అందరూ ఉరుకు. నేను బట్టల దగ్గర ఆగిపోయాను. ఒక కాశ్మీరు శాలువా ముందు నిలబడి, ఇది నేసిన పువ్వా కుట్టిన పువ్వా అని చూస్తూనే ఉన్నాను. గడియారం కొట్టింది, పిల్లలు చప్పట్లు కొట్టారు, బస్సు బయల్దేరబోయింది. మీ తాతయ్య చెమటలు కక్కుకుంటూ వెతుక్కుంటూ వచ్చి, తిడతారనుకుంటే, నా పక్కన నిలబడి "ఏది?" అన్నారు. చూపించాను. ఆయనకేమీ అర్థం కాలేదు. కానీ అడిగారు చూడు, అది చాలు నాకు. ఆ రోజు నేను గడియారం చూడనేలేదు.

నేసిన పువ్వుకీ కుట్టిన పువ్వుకీ తేడా పట్టుకోవడం నీకు మొదటి పాఠం. మన ఉప్పాడ జాందానీ చీర మీద పువ్వుని కుట్టుపని అనుకునేవాళ్ళు చదువుకున్న వాళ్ళలో కూడా ఉన్నారు. అది మగ్గం మీదే, అడ్డదారంతో పాటు చిన్న చిన్న కండెలు పెట్టి, పువ్వు ఉన్నంత మేరే తిప్పి నేసింది. కాశ్మీరు శాలువాల్లోనూ అంతే, నేసిన రకాన్ని "కాని" అంటారు, సూదితో కుట్టినదాన్ని "అమ్లీ" అంటారు. రెండూ పక్కపక్కన పెడితే దూరం నుంచి కవల పిల్లలే. దగ్గరికెళ్ళి పువ్వు అంచు చూడు. నేత పువ్వు మెట్లు మెట్లుగా తిరుగుతుంది, మన మేడ మీదికి మెట్లున్నట్టు. సూది పువ్వు ఎటు కావాలంటే అటు వంగుతుంది, దానికి నిలువూ అడ్డం అక్కర్లేదు.

ఇక గొలుసుకుట్టు. దీని గురించి నేను చెప్పాలి, నీకు ఇంకెవరూ చెప్పరు. గుజరాత్‌లో మోచీలు, అంటే చెప్పులు కుట్టేవాళ్ళు, తోలు కుట్టే ఆరె లాంటి కొక్కెం సూదితో పట్టు మీద పువ్వులు కుట్టారు. మగ్గం వర్క్ వాళ్ళు పట్టుకునే ఆరీ సూది ఆ జాతిదే. దారం గుడ్డ కింద ఉంటుంది, సూది పైనుంచి గుచ్చి కొక్కెంతో దారాన్ని ఉచ్చులాగా పైకి లాగుతుంది, ఆ ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు. ఇప్పుడు నా చేతిలో లేసు సూది చూడు. అదే కొక్కెం, అదే ఉచ్చు, ఉచ్చులోంచి ఉచ్చు. నాకు కింద గుడ్డ లేదు, అంతే తేడా. నేను గాలి మీద కుట్టాను. నీకు ఆరేళ్ళప్పుడు నా ఒళ్ళో కూర్చుని దారం ఉండ పట్టుకుని "ఇంకో చైను, ఇంకో చైను" అంటూ లెక్క పెట్టేవాడివి. అందుకే ఆ వేట కోటు ముందు నిలబడినప్పుడు నీకేమీ కొత్తగా ఉండదు. లెక్కపెట్టు. ఒక్క రేకలో ఎన్ని గొలుసులున్నాయో, కుట్టు ఎటు నుంచి ఎటు నడిచిందో. రేక చుట్టూ తిరుగుతూ లోపలికి వెళ్ళిందా, అడ్డంగా నింపాడా? పువ్వు ఆకారం ఫొటోలో వచ్చేస్తుంది. చెయ్యి నడిచిన దారి ఫొటోలో రాదు, నువ్వే గీసుకోవాలి, చిన్న బాణం గుర్తులు వేసి.

రంగుల దగ్గర మోసపోకు. పాత బట్టల మీద ఆకులు చాలాచోట్ల నీలంగా కనపడతాయి. కుట్టినవాడికి తిక్క అనుకునేవు. అప్పట్లో దారానికి పచ్చరంగు ఒక్క మునకలో వచ్చేది కాదు. పసుపు వేసి, దాని మీద నీలిమందులో ముంచేవారు. ఏళ్ళు గడిచి వెలుగు తగిలేసరికి పసుపు పారిపోతుంది, నీలం ఒక్కటీ మిగులుతుంది. నల్లదారం, కాఫీరంగు దారం ఇంకో కథ. ఇనుము పెట్టి వేసిన రంగు అది, దారాన్నే తినేస్తుంది. అందుకని పువ్వు మధ్యలో, కాడల చుట్టూ గీత ఉండాల్సిన చోట ఖాళీ కనపడుతుంది. ఆ ఖాళీ చూసి అయ్యో అనుకుని పక్కకి పోకు. అక్కడే ఆగు. దారం ఊడిన చోట కింద గుడ్డ మీద సిరాతో గీసిన గీత ఒక్కోసారి బయటపడుతుంది, నాలుగు వందల ఏళ్ళ కిందట ఎవరో పువ్వు గీసిన గీత. మన వాళ్ళు బటర్ పేపర్‌కి సూదితో బెజ్జాలు పొడిచి కిరసనాయిల్లో తెల్లపొడి కలిపి రుద్దుతారే, వాళ్ళూ అలాగే కాగితానికి బెజ్జాలు పొడిచి పొడి అద్దేవారు. చెక్కుచెదరని పువ్వు నీకు అందమే చూపిస్తుంది. పాడైన పువ్వు పని నేర్పుతుంది.

ఈ మాట నాకు ఊరికే తెలియలేదు. ఇప్పుడు రాయబోయేది మీ నాన్నకి కూడా తెలియదు. కాఫీ తాగి వచ్చి రాస్తున్నాను.

మా తాత కుర్రతనంలో రంగం, అంటే బర్మాలో రంగూన్, వెళ్ళాడు. మన గోదారి జిల్లాల నుంచి ఆ రోజుల్లో ఓడెక్కి పోయినవాళ్ళు వేలల్లో. తిరిగొచ్చేటప్పుడు మా మామ్మకి ఒక పట్టు కోటు తెచ్చాడు, చీనా పని. మీగడ రంగు పట్టు, పొడుగు చేతులు, పక్కకి ముడివేసే గుడ్డ బొత్తాలు. వీపు నిండా పెద్ద ఎర్రపువ్వులు. మేము రంగం గులాబీలు అనేవాళ్ళం, అవి గులాబీలు కావని, పియోనీ అంటారని మీ తాతయ్య పుస్తకంలో చూసి చెప్పేదాకా తెలీదు. ఒక్క రేకలో దానిమ్మ గింజ ఎరుపు దగ్గర మొదలై, అంచుకి వచ్చేసరికి లేత గులాబీ అయిపోయేది. రంగు ఎక్కడ మారిందో వేలు పెట్టి చూపించలేవు. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు, వాటి మధ్యలో ఇంకో రంగు. కుడి భుజం దగ్గర ఒక సీతాకోకచిలుక. అది మాత్రం బూడిద రంగులో దిగాలుగా ఉండేది. అంత అందమైన కోటు మీద ఇంత దిష్టిబొమ్మ ఎందుకు కుట్టాడో అని మా అమ్మ నవ్వేది. మా మామ్మ దాన్ని ఒకే ఒక్కసారి వేసుకుందట, అదీ గదిలో, తాత చూడ్డానికి. ఊళ్ళోవాళ్ళు నవ్వుతారని మళ్ళీ తొడగలేదు. వట్టివేళ్ళు పెట్టి, పాత పంచెలో చుట్టి భోషాణంలో పెట్టింది.

1986 ఆగస్టు వరద నువ్వు పుట్టకముందుది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు అన్నారు. మా పుట్టిల్లు గోదారి మధ్య లంకలో. రాత్రికి రాత్రి నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. ధాన్యం పోయింది, గేదెలు పోయాయి. మా తమ్ముడు మెడలోతు నీళ్ళలో ఆ పంచె మూట నెత్తిన పెట్టుకుని గట్టెక్కాడు. మూట మీద ఒక్క చుక్క పడలేదు. అమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, "నీ చేతిలో పని ఉంది, దీని విలువ నీకు తెలుసు, నువ్వు దాచు" అంది.

నాకు తెలుసట!

అయిదేళ్ళయ్యాక, లేసు ఎగుమతి చేసే వ్యాపారి ఒకాయన ఎవరో విదేశీ దొరసానిని వెంటబెట్టుకుని మా వీధికి వస్తున్నాడని కబురొచ్చింది. లేసు అల్లేవాళ్ళ ఇళ్ళు చూస్తుందట. నాకు చెడ్డ గర్వం. మా ఇంట్లోనూ గొప్ప వస్తువు ఉందని చూపించాలని. తీసి చూస్తే మెడ దగ్గర పసుప్పచ్చ మరక, చంకల్లో పాత చెమట గుర్తు. ఇలా ఎలా చూపిస్తాను? పట్టుచీరలు కుంకుడు రసంలో ఉతికే చేతులు కదా నావి. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసం కలిపి బేసినులో ముంచాను.

ముంచిన వెంటనే నీళ్ళు పారాణి రంగుకి తిరిగాయి. నా గుండె ఆగిపోయింది. పైకి తీశాను. ఎర్రపువ్వు చుట్టూ ఉన్న మీగడ రంగులోకి ఎరుపు పాకుతోంది, నా కళ్ళ ముందే, ఇంకు కాగితం మీద పాకినట్టు. అక్కడైనా ఆగి, తెల్లటి పొడి గుడ్డల మధ్య పరిచేసి ఉంటే కొంత దక్కేదేమో. నేనేం చేశానో తెలుసా? ఉప్పు వేశాను. ఇంకోసారి ముంచాను. ఆ పైన పిండాను. రెండు చేతుల్తో మెలిపెట్టి, దుప్పటి పిండినట్టు పిండాను. తడిసిన పాత పట్టు తెగేటప్పుడు చప్పుడు రాదు బాబూ. చేతికి తెలుస్తుంది అంతే. తీసుకెళ్ళి ఎండలో తీగ మీద ఆరేశాను. సాయంత్రానికి లోపలి నూలు లైనింగు ముడుచుకుపోయింది, పైన పట్టు అప్పడంలా బుడగలు తేలింది. పువ్వు మధ్యలో ఉన్న కాఫీరంగు దారాలు పొట్టులాగా రాలి తీగ కింద నేల మీద పడ్డాయి. వాటిని ఏరాను. అగ్గిపెట్టెలో పెట్టి ఇప్పటికీ దాచాను. ఎందుకో అడక్కు.

గోదారి ముంచలేని దాన్ని నేను బేసినులో ముంచాను.

దొరసాని వచ్చింది, లేసు చూసింది, ఫొటోలు తీసుకుంది, వెళ్ళింది. కోటు సంగతి నేనెత్తలేదు. ఆ సంక్రాంతికి మా అమ్మ వచ్చి, భోజనాలయ్యాక "ఏదే, రంగం కోటు ఒకసారి చూపించు" అంది. నేను, "అడుగున పెట్టానమ్మా, పైన బోలెడు సామాను ఉంది, ఇప్పుడు తియ్యలేను" అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసింది. "సరేలే, ఉందిగా" అని ఆకు వక్క వేసుకుంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ కార్తీకంలోనే పోయింది.

అందుకే నువ్వు వస్తువు బయటికి తీయించి దగ్గర నుంచి చూస్తావంటే నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళే ముట్టుకోమన్నా ముట్టుకోకు. గుళ్ళో ప్రదక్షిణం చేసేటప్పుడు మీ తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవారు చూడు, అలా నిలబడు. ఉంగరం తీసెయ్యి. గడియారం తీసెయ్యి. మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకుని వంగి చూడకు. దగ్గొస్తే పక్కకి తిరుగు. రేపు నీకు పేరొచ్చాక ఎవరో ఒకరు వాళ్ళ ఇంట్లో పాత జరీ రవికో శేర్వానీయో తెచ్చి కొంచెం శుభ్రం చేసి కొత్తగా చెయ్యమంటారు. డబ్బు ఎంతిచ్చినా ఒప్పుకోకు. మరక కూడా దానిదే.

మూడేళ్ళ కిందట నా కంటి ఆపరేషన్ అయింది గుర్తుందా? శుక్లం తీశాక నీలం రంగు నీలంగా కనపడితే నాకే వింతగా ఉండేది, వంటింట్లో గ్యాసు మంట చూసి కూడా మురిసిపోయేదాన్ని. ఆ కొత్త కళ్ళతో ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి ఆ కోటు తీశాను. భుజం దగ్గర లైనింగు కుట్టు అప్పటికే సగం ఊడి ఉంది. మిగతాది విప్పి లోపలికి తిరగేశాను. సీతాకోకచిలుక వెనకవైపు వంకాయ రంగు! నిగనిగలాడే లేత వంకాయ. రెక్క అంచున నీలం. అది ఎప్పుడూ బూడిద రంగుది కాదు. 1856 తర్వాత వచ్చిన రసాయన రంగుల్లో ఊదా రకాలు కొన్ని వెలుగుకి అస్సలు నిలవవని మీ అత్తయ్య కొడుకు చదివి చెప్పాడు. పై వైపు ఎప్పుడో వెలిసింది, లోపలివైపు వెలుగు తగలక అలాగే ఉంది. మా మామ్మకి తాత తొడిగి చూసుకున్న రోజు ఆ సీతాకోకచిలుక అలా ఉండి ఉంటుంది.

అందుకని, అవకాశం దొరికితే "వెనకవైపు ఫొటో ఉందా?" అని అడుగు. నువ్వు తిప్పకు, వాళ్ళనే అడుగు. అక్కడి వాళ్ళకీ ఇది తెలిసిన సంగతే. హెర్ఫర్డ్‌షైర్‌లో బాక్టన్ అనే పల్లెటూరి చర్చిలో ఒక పాత బల్లగుడ్డ గోడకి వేలాడుతూ ఉండేది. అది మొదటి ఎలిజబెత్ రాణిగారి దుస్తుల ముక్క అయి ఉంటుందని తర్వాత పరిశోధకులు తేల్చారు. వెండి జరీ నేసిన పట్టు మీద పువ్వులు. 2019లో హాంప్టన్ కోర్టు కోటలో జనానికి చూపించారు. దాని వెనకవైపు కూడా రంగులు కొత్తవాటిలా ఉన్నాయట. మనం పాత పట్టుచీర అమ్మవారికి ఇచ్చినట్టే కదా ఇదీ! రాణిగారి బట్టకీ మా మామ్మ కోటుకీ ఒకటే ధర్మం.

ఇంకొకటి తప్పకుండా చూడు. మార్గరెట్ లేటన్ అనే ఆవిడ జాకెట్టు, 1610 ప్రాంతాల్లోది. నార బట్ట మీద రంగు పట్టుదారాలు, వెండి బంగారు జరీ. పువ్వులు, పిట్టలు, పురుగులు కూడా. ఆవిడ అదే జాకెట్టు తొడుక్కుని వేయించుకున్న బొమ్మ కూడా ఆ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం దగ్గరే ఉంది. పెళ్ళి చీర పక్కనే పెళ్ళి ఫొటో దొరికినట్టు. 1620 నాటికి ఫ్యాషన్ మారితే జాకెట్టుని మార్చి కుట్టించుకుంది, పారేయలేదు. అంచున వెండి జరీ లేసు వేశారు. ఆ లేసు నా తరఫున కూడా చూడు. అది కొక్కెంతో అల్లింది కాదు, చిన్న చిన్న కర్రలకి దారం చుట్టి అల్లింది. అయినా లేసు లేసే. మన నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని నీకు గొప్పగా ఫోన్ చేసి చెప్పాను కదా, అతుకుపని చేసి చేసి వేళ్ళు వంకరపోయిన వాళ్ళెవరికీ పైసా పెరగలేదనుకో, అది వేరే సంగతి.

పువ్వు చూడ్డం అయ్యాక కింద గుడ్డ చూడు. దీని మీద నాకు పట్టింపు ఉంది. మాధవాయిపాలెం రేవు నువ్వెరుగుదువు, సఖినేటిపల్లి పంటు ఎక్కే చోటు. వేరుశనక్కాయలు కొనివ్వమని ఏడ్చేవాడివి. ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీవాళ్ళు అక్కడ కొట్టు పెట్టి మన నూలు బట్ట కొన్నారు. వాళ్ళ నోరు తిరక్క ఆ ఊరిపేరు మడపొల్లం అయింది. ఇవాళ్టికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో మడపొల్లం అంటే మెత్తటి నూలు గుడ్డ, దాని మీద అద్దకాలు వేస్తారు, కుట్టుపని చేస్తారు. పంతులుగారైన మీ తాతయ్య ఈ మాట చెప్పిన రోజు నేను లేసు పక్కన పడేసి ఆయన మొహం చూస్తూ ఉండిపోయాను. మన రేవు పేరు గుడ్డ అయిపోయి లోకం తిరిగింది! బందరు, ఈ తీరం పొడుగునా వేసిన అద్దకం పువ్వులకి ఇంగ్లండు ఆడవాళ్ళు ఎంత ఎగబడ్డారంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1721లో అద్దకం నూలు బట్ట కట్టుకోకూడదనే అక్కడ చట్టం చేశారు. కాబట్టి ఒకే కొమ్మకి పదిరకాల పువ్వులు పూసి, ఏ చెట్టో చెప్పలేని తీగ వాళ్ళ కుట్టులో కనపడితే, కొత్తగా చూసినట్టు నోరు తెరవకు. చుట్టాలింటికి వెళ్ళినట్టు చూడు. కార్డు మీద గుడ్డ పేరు ఏం రాశారో పుస్తకంలో రాసుకో. పువ్వు పేరు అందరూ రాసుకుంటారు.

ఉద్యోగం సంగతి. ఇప్పుడే మానకు. మీ నాన్నకి భయపడి చెప్పడం లేదు. లేసు మీద బతికినదాన్ని నేను, నెలల తరబడి డబ్బు రాకపోతే ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండేళ్ళు శనాదివారాలు చెయ్యి. చేతికి పని వస్తే అది తనే చెబుతుంది. కళ్ళు జాగ్రత్త. నేను లాంతరు వెలుగులో అల్లి పోగొట్టుకున్నాను, నువ్వు ఆ కంప్యూటరు ముందు కూర్చుని పోగొట్టుకోకు. మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడు గట్టిగా అరుస్తాడు గానీ చిన్నప్పుడు నా లేసు ముక్కలు దొంగిలించి గాలిపటానికి తోక కట్టింది వాడే.

నాకేమీ తేవద్దు. ఒక మంచి భూతద్దం తప్ప.

సీతాకోకచిలుక వెనకవైపు పక్కింటి అమ్మాయి చేత ఫొటో తీయించాను. రంగు సరిగ్గా పడలేదు, నల్లగా వచ్చింది. నువ్వు వచ్చాక చూడాల్సిందే. తియ్యడానికి నేనొక్కదాన్నే చాలు గానీ, లైనింగు ఎత్తి పట్టుకుని నెమ్మదిగా పరవడానికి ఇంకో రెండు చేతులు కావాలి. మీ నాన్న ఆఫీసుకి వెళ్ళిన రోజు చూసుకుని రా. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఉంగరం తీసేసి రా.

మీ మామ్మ